బోటూ వద్దు, పెద్ద లేకూ వద్దు, మార్చిలో చిన్న చెరువు చాలు

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో చేపలు పట్టే పిచ్చి ఉన్నవాళ్ళు బోలెడుమంది, కానీ వాళ్ళలో ఎక్కువమంది క్యాలెండర్ చూసే తీరు మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఫిబ్రవరి చివర్లో అడిగితే "ఇంకా చలి కదా అన్నా" అంటారు, మార్చిలో అడిగితే "పిల్లల స్ప్రింగ్ బ్రేక్ అయిపోనీ" అంటారు, చివరికి మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి పదిమంది కలిసి బోటు అద్దెకి తీసుకుని లూయిస్‌విల్ లేక్ మీదకి వెళ్తారు, మిట్టమధ్యాహ్నం ఎండలో మాడి, జెట్‌స్కీల అలల్లో ఊగి, రెండు చిన్న చేపలతో ఇంటికొచ్చి ఇక్కడ చేపలే లేవని తేల్చేస్తారు.

చేపలున్నాయి. వాళ్ళ సబ్‌డివిజన్ వెనకాల రోజూ వాకింగ్ చేసే ఆ రెండెకరాల చెరువులోనే ఉన్నాయి, సిటీ పార్కులో పిల్లలు బాతుల్ని చూసే చెరువులోనూ ఉన్నాయి. వేరే చేపల్ని వేటాడి తినే బాస్ ఉంటుంది, అరచేతంత ఉండే బ్లూగిల్ ఉంటుంది, అదృష్టం బాగుంటే క్రాపీ అనే చేప కూడా ఉంటుంది. నేను గట్టిగా చెప్పేది ఏంటంటే నార్త్ టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకునే మనిషికి గట్టు మీద నిలబడి చేపలు పట్టడానికి ఏడాది మొత్తంలో ఫిబ్రవరి మూడో వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఉన్న టైమ్‌ని మించింది లేదు, దానికి చిన్న చెరువుని మించిన చోటు లేదు. అయితే దీంతోపాటే ఇంకో మాట కూడా చెప్పాలి. చేప అంత తేలిగ్గా దొరికే టైమ్‌లోనే ఒక చెరువుని పాడు చేయడం కూడా అంతే తేలిక, అందుకే ఏది ఇంటికి తేవాలి ఏది నీళ్ళలోకి వదలాలి అన్నది ముందే తేల్చుకుని వెళ్ళాలి. ఈ రెండో మాట దగ్గరే నాకు మనవాళ్ళతో ఎప్పుడూ వాదన.

ముందు చెరువే ఎందుకో చెప్తా. లూయిస్‌విల్ లేక్ దగ్గర దగ్గర 29 వేల ఎకరాలు, అంత నీరు చలికాలం చలి నుంచి తేరుకోవాలంటే వారాలు పడుతుంది. మన చెరువు లోతు మహా అయితే ఏడెనిమిది అడుగులు. గంగాళంలో నీళ్ళకంటే చెంబులో నీళ్ళు ముందు కాగినట్టు, వరసగా మూడు రోజులు ఎండ కాస్తే చెరువు అంచుల్లో నీళ్ళ వేడి మారిపోతుంది. చేపది మన లాంటి వేడి రక్తం కాదు, నీళ్ళు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్ళు అంత వెచ్చగా ఉంటుంది, ఆకలి కూడా అంతే. నీళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే దాకా బాస్ కదలడానికే బద్ధకిస్తుంది. 55 వచ్చేసరికి లోతు వదిలేసి అంచులకి జరగడం మొదలుపెడుతుంది, కడుపులో గుడ్లు పెరుగుతుంటాయి కాబట్టి తినాలి. 60 నుంచి 65 మధ్యలో గూళ్ళు మొదలవుతాయి. క్రాపీ కూడా ఇంచుమించు అప్పుడే గట్టుకి వస్తుంది. బ్లూగిల్ గూళ్ళు కట్టడానికి ఇంకా వేడి కావాలి, 70 దగ్గరికి రావాలి, కానీ అంతకుముందే వెచ్చటి మూల ఎక్కడుందో వెతుక్కుని గుంపుగా అక్కడ చేరతాయి. పెద్ద లేక్‌లో ఆ మూల వెతకాలంటే బోటు కావాలి, నీళ్ళ కింద ఏముందో చూపించే సోనార్ కావాలి, చెరువులో అయితే రెండు కాళ్ళు చాలు.

ఆ మూల ఎక్కడుంటుందో చెప్తా, ఈ వ్యాసం మొత్తంలో పనికొచ్చే ముక్క ఇదే. ఉత్తరపు గట్టు. మార్చిలో సూర్యుడు ఇంకా దక్షిణం వైపే వాలి తిరుగుతుంటాడు, అందుకని ఉత్తరపు గట్టు కింద నీళ్ళ మీద రోజంతా ఎండ సూటిగా పడుతుంది, దక్షిణపు గట్టు మీద చెట్లుంటే వాటి నీడంతా అటువైపు నీళ్ళ మీదే పడి అక్కడ చల్లగా ఉండిపోతుంది. పైగా చలిగాలి వచ్చేది ఉత్తరం నుంచి, ఆ గట్టే దానికి అడ్డు. ఇంకా పైగా టెక్సాస్‌లో వాతావరణం బాగున్న రోజుల్లో గాలి దక్షిణం నుంచి వీస్తుంది, అది పైపై వెచ్చటి నీటిని మెల్లగా తోసుకుంటూ వచ్చి అదే ఉత్తరపు అంచులో చేరుస్తుంది. ఎండ, గాలి, అడ్డు మూడూ ఒకేచోట కలిసొస్తాయన్నమాట. అక్కడ అడుగున నల్లటి బురద ఉంటే మరీ మంచిది, అది ఎండని బాగా పీల్చుకుంటుంది. అలుగు దగ్గర కాంక్రీటు, పేర్చిన రాళ్ళు కూడా వేడి పట్టి ఉంచుతాయి. వెచ్చటి వాన పడితే కాలవ వచ్చి కలిసే చోటు చూడండి, ఆ నీళ్ళతో పాటు పురుగులూ వానపాములూ కొట్టుకొస్తాయి.

మనవాళ్ళు తెల్లవారుజామున ఐదింటికి లేచి వెళ్ళాలనుకుంటారు, చేపలంటే పొద్దున్నే అన్న అలవాటు మనకి ఊళ్ళ నుంచి వచ్చింది, అక్కడ ఎండాకాలానికి అది కరెక్టే. ఇక్కడ మార్చిలో మాత్రం పొద్దున నీళ్ళు రాత్రి చలికి అన్నిటికంటే చల్లగా ఉంటాయి, మధ్యాహ్నం మూడు నుంచి చీకటి పడే దాకా ఉన్నదే అసలు టైమ్. అందులోనూ మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు కదా, ఆ రోజు నుంచి డల్లాస్‌లో సూర్యాస్తమయం ఏడున్నర దాటి ఉంటుంది. ఆఫీసు ఐదున్నరకి ముగించి, దారిలో పిల్లల్ని కూడా ఎక్కించుకుని గట్టు మీదకి వెళ్తే గంటన్నర వెలుతురు మిగులుతుంది, ఆ గంటన్నరే రోజు మొత్తంలో నీళ్ళు బాగా వెచ్చగా ఉండే టైమ్. వీకెండ్ మొత్తం పాడు చేసుకోనక్కర్లేదు, ఇంట్లో గొడవా ఉండదు. పని చేసుకునేవాళ్ళకి ఇంతకంటే అనువైన వేట ఇంకెక్కడుంటుంది?

ఉత్తరం నుంచి నార్తర్ అనే చలిగాలి ఒక్కసారిగా దిగిన రోజు మాత్రం ఇంట్లో కూర్చోండి. మధ్యాహ్నం టీ షర్టు మీద ఉంటాం, రెండు మూడు గంటల్లో ఇరవై ముప్ఫై డిగ్రీలు పడిపోతుంది, మర్నాడు ఆకాశం నీలంగా నిగనిగలాడుతుంది, చూడ్డానికి ఎంత బాగుంటుందో చేపలకి అంత చెడ్డరోజు అది. చిన్న చెరువు ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది కూడా, ఈ లోపాన్ని ఒప్పుకోవాలి. ఒకట్రెండు రోజులు ఆగి, మళ్ళీ దక్షిణపు గాలి మొదలయ్యాక వెళ్ళాలి. తేదీలు కాదు చూడాల్సింది, దారానికి కట్టి నీళ్ళలోకి దించే చిన్న థర్మామీటరు కొనుక్కోండి, అది చెప్పేది నమ్మండి. అది లేకపోతే రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగు పూత పట్టాయా లేదా చూడండి, ఆ పూత కనిపించిన వారంలో నేను గాలం కారులోనే ఉంచుకుంటా.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎక్కువ అక్కర్లేదు. పిల్లలకి జెబ్కో 33 లాంటి బటన్ నొక్కే రీల్ చాలు, 1954 నుంచి అమెరికాలో పిల్లలు దాంతోనే నేర్చుకుంటున్నారు. పెద్దవాళ్ళకి అల్ట్రాలైట్ అనే బాగా తేలికైన గాలం కర్ర ఒకటి, నాలుగు లేదా ఆరు పౌండ్ల సన్న లైను, చిన్న బెండు, 8 లేదా 10 నంబరు గాలం, దానికి వానపాము ముక్క. బ్లూగిల్ నోరు చాలా చిన్నది, వానపాము మొత్తం గుచ్చితే అంచులు కొరుక్కుని పోతుంది, అంగుళం ముక్క చాలు. బెండు కింద రెండడుగుల లోతుతో మొదలుపెట్టండి. క్రాపీకైతే చిన్న జిగ్ (సీసం తల ఉన్న గాలం) గానీ మిన్నో (ఎరగా వాడే చిన్న చేప) గానీ. బాస్‌కి మెత్తటి ప్లాస్టిక్ వానపాము, దాన్ని విసిరి వదిలేయాలి, అడుగుకి దిగనివ్వాలి, మీరు ఎంత మెల్లగా లాగుతున్నాం అనుకుంటారో దానికి సగం వేగంతో లాగాలి. చల్లటి నీళ్ళలో పరిగెత్తే ఎర వెంట బాస్ పరిగెత్తదు, ముక్కు ముందుకి వచ్చి ఆగిన దాన్ని నోట్లోకి పీల్చుకుంటుంది.

చిన్న ఎరకి పెద్ద చేప పడదు అనేవాళ్ళ కోసం ఒక సంగతి. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్ 18.18 పౌండ్లు, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టాడు, అతను ఆ రోజు వెళ్ళింది బాస్ కోసం కాదు, క్రాపీ కోసం, గాలానికి ఉన్నది చిన్న మిన్నో. చల్లటి నీళ్ళలో కడుపు నిండా గుడ్లతో ఉన్న పెద్ద ఆడచేపకి కష్టపడకుండా దొరికే చిన్న ముద్దే కావాలి మరి. రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఈ లెక్క తెలుసు. షేర్‌లంకర్ అని 1986 నుంచి ఒక ప్రోగ్రాం నడుస్తోంది, 13 పౌండ్లు దాటిన బాస్ పడితే టెక్సాస్‌లోనే ఉన్న ఏథెన్స్ ఊళ్ళోని హేచరీ (చేపపిల్లల్ని పుట్టించే కేంద్రం) వాళ్ళు వచ్చి ప్రాణంతో తీసుకెళ్ళి గుడ్లు పెట్టిస్తారు, అలా తీసుకునేది జనవరి 1 నుంచి మార్చి 31 దాకా మాత్రమే. గుడ్లకి సిద్ధంగా ఉన్న పెద్ద తల్లులు చేతికి అందేది ఈ మూడు నెలల్లో అన్నమాట. మనం మే దాకా ఆగి ఎవరికోసం వెతుకుతున్నట్టు?

సరే, ఇప్పుడు వాదన దగ్గరికి వద్దాం. చేప పడింది, ఏం చేయాలి?

మనవాళ్ళలో రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. ఒకరు "పట్టిందంతా ఇంటికే, లైసెన్స్ కట్టాం కదా, లిమిట్ ఎంతుంటే అంత" అంటారు. ఇంకొకరు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, "తిననప్పుడు పట్టడం ఎందుకురా, దాని నోరు చించి మళ్ళీ వదలడం పాపం" అంటారు. రెండో మాటని నేను కొట్టిపారేయను. సరదా కోసం ఒక ప్రాణిని ఇబ్బంది పెట్టడం గురించి అడిగే ప్రశ్న అది, దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత గాలం పట్టుకున్న ప్రతివాడి మీదా ఉంది. నా జవాబు ఇది: తినడానికి పట్టండి, కానీ చెరువు ఏది ఇవ్వగలదో అది తీసుకోండి. చెరువు ఇవ్వగలిగింది బ్లూగిల్. ఇవ్వలేనిది పెద్ద బాస్.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అలబామాలో ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే ఆయన 1930ల నుంచి ఏళ్ళ తరబడి చెరువులు నింపి, ఎండగట్టి, అడుగున ఉన్న ప్రతి చేపనీ లెక్కపెట్టి తూకం వేసి ఇదే తేల్చాడు. ఆ రోజుల్లో రైతులు మట్టి కొట్టుకుపోయిన భూముల్లో వేల చెరువులు తవ్వుతున్నారు, అందులో ఏ చేపలు వేయాలో తెలియదు. బ్లూగిల్ పురుగుల్ని తింటుంది, బ్లూగిల్ పిల్లల్ని బాస్ తింటుంది, ఈ జంట కుదిరితే చెరువు ఏళ్ళ తరబడి చేపలిస్తుంది. బాస్‌లని ఎక్కువగా తీసేస్తే బ్లూగిల్ పిల్లలు పుట్టలు పుట్టలుగా పెరిగి, తిండి చాలక, మూడు నాలుగు అంగుళాల దగ్గర ఎదుగుదల ఆగిపోతాయి, చెరువు నిండా చేపలే గానీ వేయించుకోవడానికి ఒక్కటీ పనికిరాదు. మన సబ్‌డివిజన్ చెరువుల్లో ఎన్నో ఇలాగే తయారయ్యాయి, వెళ్ళి చూస్తే అన్నీ బొటనవేలంత చేపలు.

లిమిట్ లోపలే ఉన్నాం కదా అనేవాళ్ళు ఈ లెక్క చూడండి. టెక్సాస్‌లో మామూలుగా బాస్ 14 అంగుళాలు దాటి ఉండాలి, మనిషికి రోజుకి 5. చెరువుల్లో ఎకరానికి ఓ 100 బాస్ పిల్లలు వేయడం మామూలు పద్ధతి, అంటే రెండెకరాలకి 200 పిల్లలు, అవన్నీ బతకవు, బతికినవన్నీ పెద్దవవ్వవు. నలుగురు ఫ్రెండ్స్ మార్చిలో ఒక సాయంత్రం ఉత్తరపు గట్టు మీద నిలబడి చట్టప్రకారమే తలా 5 తీసుకెళ్తే 20 పెద్ద బాస్‌లు, అందులో సగం కడుపుతో ఉన్నవి. ఇంకో రెండు సాయంత్రాలు అలాగే చేస్తే ఆ చెరువు కథ అక్కడితో ముగుస్తుంది. ఆ 5 అనే అంకె వేల ఎకరాల లేక్‌లకి కూడా కలిపి రాసింది, రెండెకరాల చెరువు కొలత మనమే పెట్టుకోవాలి. లేక్ ఫోర్క్ అంత పెద్దదాన్ని కూడా వాళ్ళు ఊరికే వదల్లేదు, అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్ మొత్తం నీళ్ళలోకి తిరిగి వెళ్ళాల్సిందే, అలా కాపాడారు కాబట్టే అక్కడ ఇన్ని పెద్ద చేపలు పెరిగాయి.

గుడ్లున్న చేప అంటే మనకి ప్రాణం అని నాకు తెలుసు, పుస్తెలమ్మి అయినా పులస తినాలి అని చెప్పుకునే జనం మనం, ఎదురీది వచ్చేదీ గుడ్ల కోసమే, మనం ఎదురుచూసేదీ ఆ గుడ్ల కోసమే. కానీ పులస సముద్రం నుంచి వస్తుంది. చెరువులో బాస్‌కి వెనకాల సముద్రం లేదు, ఉన్నది ఆ నీళ్ళే. అలాగని తిన్నవాడిని తప్పు పట్టను. ప్రపంచ రికార్డు బాస్, 22 పౌండ్ల 4 ఔన్సులది, 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టి ఇంటికి తీసుకెళ్ళి ఇంటిల్లిపాదీ తిన్నారు, గ్రేట్ డిప్రెషన్ అనే ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆకలితో ఉన్న ఇంటికి అది న్యాయమే. డల్లాస్‌లో మన ఫ్రీజర్‌లో తిలాపియా నుంచి కింగ్‌ఫిష్ దాకా నిండి ఉంటుంది, మనకి ఆ అవసరం లేదు.

గూళ్ళు కనపడ్డాక మాత్రం బాస్‌ని పట్టి వదలడం కూడా ఆపేయాలి అంటాను, ఈ మాటకి ఇక్కడి అమెరికన్ యాంగ్లర్లే ఒప్పుకోరు. అంచుల్లో రెండు మూడడుగుల నీళ్ళలో గుండ్రంగా, శుభ్రంగా తుడిచినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తే అవే గూళ్ళు. పెద్ద ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా ఉండేది చిన్న మగచేప, తిండి కూడా పెద్దగా పట్టించుకోకుండా గుడ్లనీ పిల్లల్నీ కాస్తుంది. ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు, కొర్రమీను ఇంతే కదా, నీటి మీద ఎర్రటి పిల్లల ముద్ద కనిపిస్తే కింద తల్లీతండ్రీ ఉంటాయని తెలిసి అక్కడే గాలం వేసేవాళ్ళని మనం చూశాం. గూటి మీద మగ బాస్ గాలానికి కొట్టేది ఆకలితో కాదు, దొంగని తరమడానికి. దాన్ని బయటికి తీసి, కొలిచి, ఫోటో దిగి వదిలే ఆ కొద్ది నిమిషాల్లో చుట్టూ కాచుకుని ఉన్న బ్లూగిల్‌లు గుడ్ల మీద పడి తినేస్తాయి. చేప ప్రాణంతోనే వెళ్ళింది, నిజమే, గూడు పోయింది. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా బాస్‌ని ఇంటికి తీసుకెళ్ళనివ్వవు, టెక్సాస్‌లో అలాంటి సీజన్ నిబంధన లేదు, కాబట్టి ఇక్కడ మనకి మనమే ఆగాలి. ఎలాగూ అదే టైమ్‌కి బ్లూగిల్ మొదలవుతుంది, బాస్‌ని వదిలి బెండు కట్టుకోండి.

బ్లూగిల్‌లో కూడా అన్నిటికంటే పెద్దవి తీసుకోకండి. నుదురు ఉబ్బి, రొమ్ము నారింజ రంగుకి తిరిగిన పెద్ద మగవి గూళ్ళ కాలనీలో పెత్తనం చేస్తుంటాయి, వాటిని ఏరేస్తే చిన్న మగవి ఒళ్ళు పెరగకముందే గుడ్ల పనిలోకి దిగిపోతాయి, తరవాత తరం మొత్తం పొట్టిగా మిగిలిపోతుంది. అరచేతంత ఉన్నవి, ఆరేడు అంగుళాలవి తీసుకోండి. ఆకారంలో చందువాలా ఉంటుంది, వెన్ను మీద ముళ్ళు మాత్రం పదును, తల వైపు నుంచి చేత్తో నిమిరి ముళ్ళు పడుకోబెట్టి పట్టుకోవాలి. పొలుసు గీకి, కడుపు శుభ్రం చేసి, రెండు పక్కలా గాట్లు పెట్టి, ఉప్పు కారం పసుపు అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయిస్తే ఆ తెల్లటి మాంసం తీపి బాస్‌లో లేదు. పులుసుకి వద్దు, ముళ్ళు విడిపోయి ఇబ్బంది పెడతాయి.

ఏ చెరువుదైనా తినొచ్చా అంటే తినకూడదు. ఇళ్ళ మధ్య కట్టిన వాననీటి చెరువుల్లోకి లాన్ల మీద కొట్టిన మందులు, రోడ్డు మీద నూనె అన్నీ చేరతాయి, అక్కడ నేను పట్టి వదిలేస్తానే గానీ ఇంటికి తేను. డల్లాస్, ఫోర్ట్ వర్త్ మధ్య ట్రినిటీ నదిలో చేపల మీద అయితే రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలే ఉన్నాయి. పాదరసం సంగతి కూడా చూసుకోవాలి, వేరే చేపల్ని తిని బతికే పాత పెద్ద బాస్‌లో అది ఎక్కువ పోగవుతుంది, పురుగులు తినే బ్లూగిల్‌లో తక్కువ, పిల్లలకి పెట్టేవాళ్ళకి ఇదొక్కటి చాలు ఏది ఎంచుకోవాలో.

లైసెన్స్ మాటకొస్తే 17 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు, పెద్దవాళ్ళకి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా కావాలి. స్టేట్ పార్కులో గట్టు మీద నుంచి పడితే మాత్రం ఎవరికీ అక్కర్లేదు, సీడర్ హిల్ లాంటి పార్కు డల్లాస్‌కి పక్కనే, నాన్నగారిని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి అది మంచి దారి. సిటీ పార్కుల్లో 75 ఎకరాల లోపు చెరువుల్లో మనిషికి రెండు కర్రలకి మించి వేయకూడదు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) చెరువుల్లో బోర్డు చదివి, వేరేవాళ్ళదైతే అడిగి వెళ్ళండి. నిలబడే ముందు కాళ్ళ కింద మట్టి చూసుకోండి, వాన పడ్డ తరవాత గట్ల మీద ఫైర్ యాంట్స్ అనే కుట్టే చీమల పుట్టలు లేస్తాయి, పిల్లల్ని వాటికి దూరంగా నిలబెట్టండి. ఈ వారం మధ్యాహ్నాలు వరసగా 70 దాటుతున్నట్టు కనిపిస్తే గురువారమో శుక్రవారమో ఆఫీసు నుంచి తిన్నగా ఉత్తరపు గట్టుకి వెళ్ళిపోండి, శనివారం దాకా ఆగితే మళ్ళీ నార్తర్ దిగొచ్చు.